యమీలేను అడగాల్సిన మాట

ఆ శుక్రవారం నేను జీపు దిగి, బురద చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వంటింట్లోకి అడుగుపెట్టేసరికి, మా అమ్మా ఫాబియోలా పిన్నీ మాట్లాడుకుంటున్న మాట మధ్యలోనే తెగిపోయింది. పొయ్యి మీద చిక్కుడుగింజల గుండిగ కుతకుతలాడుతోంది. అమ్మ గరిటె అందుకుని అక్కర్లేకపోయినా కలపడం మొదలుపెట్టింది. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ వాన ఇప్పట్లో తగ్గేట్టు లేదు," అంది.

బయట అప్పుడే ఎండ కాసింది.

"డాక్టరమ్మ వచ్చింది. చెయ్యి కడుక్కుని అరటికాయలు తరుగు," అంది అమ్మ.

మా కాల్దాస్ కొండల్లో లాయరు చదువు చదివేవాళ్ళను కూడా డాక్టరనే పిలుస్తారు. నేను కాలేజీలో చేరిన కొత్తలో అమ్మ ఆ మాట నలుగురిలో గర్వంగా అనేది. ఆ కోతల కాలం వచ్చేసరికి అందులో ఎందుకో కారం కలిసింది.

అమ్మ ఒఫేలియా ఆ కాఫీ తోటలో కూలీలకు వండిపెట్టేది. పళ్ళు ఎర్రబడ్డాయంటే చాలు, ఎక్కడెక్కడి మగవాళ్ళో సంచీలు భుజాన వేసుకుని కొండెక్కి వచ్చేవాళ్ళు. కోతలున్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం నేను మనిసాలెస్ నుంచి వచ్చి వంటలో చెయ్యి వేసి, సోమవారం పొద్దున్నే తిరిగి వెళ్ళేదాన్ని. ఫాబియోలా పిన్ని పెరేరాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల కింద పనిచేసేది. కోతల కాలంలో మా ఇంటి ఛాయలకు కూడా వచ్చే మనిషి కాదు. కూలీల చెమట వాసన పడదనేది. అలాంటిది ఆ రోజు పనిదినాన వచ్చి మా వంటింట్లో కూర్చుంది.

ఇంకోటి కూడా గమనించాను. వంటిల్లు వసారాలోకి తెరుచుకునే తలుపుకి లోపల కొత్త గడియ బిగించి ఉంది. కూలీలకు పళ్ళాలు ఇదివరకట్లా బల్ల మీద పెట్టడంలేదు. అమ్మ కిటికీలోంచి అందిస్తోంది.

"ఇదేమిటమ్మా కొత్తగా?"

"ఈగలు," అంది అమ్మ, నా వైపు చూడకుండా.

వసారా చివర మెట్టు మీద మా చెల్లెలు యమీలే ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మొక్కజొన్న పిండితో అరెపా రొట్టెలు తడుతోంది. దానికి అప్పుడు పదిహేడేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. కాలేజీలో నేర్చుకుని ఆ మాట ఇంట్లో అంటే అమ్మ ఊరుకునేది కాదు. "అదేం రోగం పేరు? యమీలే యమీలేలాగే పుట్టింది," అనేది. అది తట్టిన రొట్టెలు గుండ్రంగా, అన్నీ ఒక్కలా ఉండేవి. కూలీలందరి పేర్లూ దానికి నోటికి వచ్చు. ఎవడికి ఉప్పు తక్కువ కావాలో, ఎవడు రెండోసారి అడగడానికి సిగ్గుపడతాడో కూడా తెలుసు. ఈ ఏడు మాత్రం దాన్ని కిటికీ దగ్గరికి కూడా రానివ్వడంలేదు.

"అక్కా, ఆడదామా?" అంది నన్ను చూడగానే.

"పనుంది కదే."

"పని ఎప్పుడూ ఉంటుంది," అని పళ్ళెం పక్కన పెట్టి పాచికల పలక తెచ్చింది. ఆటలో అది పచ్చి దొంగ. పాచిక తనకు నచ్చినట్టు పడకపోతే దాని మీద అరచెయ్యి వేసేసి, "పడలేదు, జారింది," అనేది. నేను ఒప్పుకోకపోతే నా కాయ ఒకటి మాయమయ్యేది. ఆ రోజు మాత్రం మూడు ఆటలు వరసగా ఓడిపోయింది. మోసం చెయ్యడం కూడా మరిచిపోయి వంటింటి వైపే చూస్తోంది.

"వాళ్ళు గుసగుసలాడుతున్నారు," అంది. "నేను వెళ్తే ఆపేస్తున్నారు."

"నేను వెళ్ళినా ఆపేశారు."

"నీ గురించి కూడానా? నాకు మాత్రం కొత్త నైటీ కొన్నారు. కుందేళ్ళ బొమ్మలది. పెరేరా వెళ్తాం. నా కడుపులో విత్తనం ఉంది. చెడ్డ విత్తనం. దాన్ని తీసేస్తారు." పాచిక చేతిలో తిప్పుతూ గొంతు తగ్గించింది. "నేను నొక్కి చూసుకున్నా. ఏం తగల్లేదు."

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఎవడో దానికి కడుపు చేశాడేమోనన్నదే నాకు మొదట వచ్చిన ఆలోచన. కిటికీలోంచి పళ్ళాలు అందిస్తున్న అమ్మ చేతులు, ఆ కొత్త గడియ, వరసలో నిలబడ్డ మగవాళ్ళ బురద బూట్లు — ఒక్కొక్కటీ వేరే రంగులో కనబడ్డాయి. ఒక్కొక్క మొహాన్నీ చూశాను. నన్ను చూసి తల వంచిన ప్రతివాడూ దోషిలాగే ఉన్నాడు.

మర్నాడు కూలీలు కొండెక్కాక అమ్మ ఒంటరిగా దొరికింది.

"యమీలేకి ఏమైంది?"

"కడుపులో సిస్టు. చిన్న నీటిగడ్డ. ఫాబియోలా వాళ్ళ ఆసుపత్రిలో తీస్తారు."

"ఎవరు చూశారు? స్కాన్ తీయించారా?"

"నువ్వు డాక్టరువా?" అని, తను రోజూ పిలిచే పిలుపు గుర్తొచ్చి చిరాకుపడింది. "నీ డాక్టరు చదువు కడుపుల గురించి కాదు కదా. నీకెందుకు?"

"మా చెల్లెలు కాబట్టి."

"నేను కన్న తల్లిని. సంతకం పెట్టాల్సింది నేను. దానికి పద్దెనిమిది నిండేలోపు అయిపోవాలి," అని టక్కున నాలుక కరుచుకుంది.

సిస్టుకు పద్దెనిమిదేళ్ళతో ఏం పని? ఆ ప్రశ్న నేను అడగలేదు. అడగకపోయినా అమ్మకు వినపడింది. నేను మళ్ళీ నోరెత్తకుండా వెన్నపూసలాంటి మెత్తని గొంతుతో, "నీకు పందిమాంసం వేపుడు దాచిపెట్టాను, తిను," అంది. మా అమ్మ అంత మెత్తగా మాట్లాడిందంటే ఎక్కడో ఏదో కాలుతున్నట్టే.

ఆ ఏడు నేను చదువుతున్న పాఠాల్లో ఒకటి ఆరోగ్యం, పిల్లలు, వికలాంగులకు సంబంధించిన చట్టాలు. చెప్పేది ప్రొఫెసర్ ఎస్త్రాదా. పొట్టి మనిషి, గొంతు మాత్రం కోర్టు గది చివరిదాకా వినపడేది. సోమవారం క్లాసు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, "మేడమ్, నా స్నేహితురాలికి ఒక చెల్లెలుంది..." అని మొదలుపెట్టాను.

ఆమె పుస్తకాలు సర్దడం ఆపలేదు. "ఈ క్లాసులో అందరికీ స్నేహితురాళ్ళే. చెప్పండి."

చెప్పాను. విత్తనం, నైటీ, పద్దెనిమిదేళ్ళు. ఆమె కుర్చీలో కూర్చుంది.

"కడుపు రాకుండా శాశ్వతంగా ఆపరేషన్ చేయించబోతున్నారు. మీకూ అర్థమైంది, నా నోటితో వినాలని వచ్చారు. పద్దెనిమిది నిండనివాళ్ళకు చట్టం ఒప్పుకోదు. నిండితే ఆ అమ్మాయి తనంతట తాను కావాలంటేనే చెయ్యాలి, తల్లి సంతకం చెల్లదు. సిస్టు ఆపరేషన్‌కైతే ఇప్పుడు తల్లి సంతకం చాలు, అందుకే తొందర. కాగితాల మీద సిస్టు అని రాసి, కడుపు కోసినప్పుడు పనిలో పనిగా ఇది కూడా చేసేస్తారు. ఇలాంటివి విన్నాను."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఫిర్యాదు చెయ్యొచ్చు. బాలల సంక్షేమం వాళ్ళు రేపే వస్తారు. మీ స్నేహితురాలి తల్లిని ప్రశ్నిస్తారు. అవసరమనుకుంటే అమ్మాయిని ఇంట్లోంచి తీసుకెళ్ళి ఎక్కడో పెడతారు."

"మా చెల్లెల్ని... వాళ్ళ చెల్లెల్ని అడిగి తీసుకెళ్తారా?"

ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. "అడగాలి. అడిగేవాళ్ళు వస్తే మీ అదృష్టం. చట్టం కత్తిలాంటిది నోరాల్బా. పిడి ఎటుందో చూసుకుని పట్టుకోవాలి. ఆపరేషన్ ఎప్పుడు?"

తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. ఆమె ఊరి పేరు అడిగింది. చెప్పకుండా వచ్చేశాను. బస్సు ఎక్కాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆమె నా వెనకే ఎవరికో ఫోన్ చేస్తుందేమో, శుక్రవారం నేను ఇల్లు చేరేలోపు మా వసారా ముందు ప్రభుత్వ జీపు నిలబడి ఉంటుందేమో అని. అమ్మను నమ్మలేకపోయాను, పిన్నిని నమ్మలేదు, నాకు చదువు చెప్పే మనిషినీ నమ్మలేదు.

మరుసటి శుక్రవారం కూడా పిన్ని ఉంది. ఈసారి నేను దాపరికం పెట్టుకోలేదు. పెరట్లో చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"పిన్నీ, సిస్టు ఎడమ పక్కనా, కుడి పక్కనా?"

పిన్ని చేతులు ఆగాయి. ఒక్క క్షణమే. "మీ అమ్మతో పందెం వేశాను, నీకు తెలిసిపోతుందని," అంది తాపీగా. "తెలిస్తే తెలిసింది. ఏముంది ఇందులో? గంట పని. సాయంత్రానికి లేచి కూర్చుంటుంది. ఇంకో నెల ఆగితే దానికి పద్దెనిమిది వస్తాయి, అప్పుడు ఏ డాక్టరూ ముట్టుకోడు. మీ కొత్త చట్టాల పుణ్యమా అని."

"దానికి చెప్పారా?"

"ఏమని చెప్పాలి? మొన్న నేను జలుబు మాత్రకి పేరు చెబితే దాన్ని పాట కట్టి పాడింది."

"పాటైనా కట్టిందిగా. వినింది కాబట్టి కట్టింది."

"ఇదుగో చూడు నోరాల్బా." పిన్ని మొహంలో నవ్వు పోయింది. "మా ఆసుపత్రికి ఎలాంటి పిల్లలు వస్తారో నువ్వు చూడలేదు. నేను చూశాను. యమీలేలాంటి పిల్లే, పద్నాలుగేళ్ళది, ఏం జరిగిందో చెప్పడం కూడా రాక, పురిటినొప్పులతో మంచం పట్టె పట్టుకుని నన్నే చూసేది. ఆ చూపు నువ్వు మోస్తావా? పుస్తకం మోస్తావు. నేను ఈ పిల్ల మంచి కోరి నా ఉద్యోగం పణంగా పెడుతున్నాను."

అబద్ధం చెబుతోందని అనుకుందామంటే కుదరలేదు. పిన్ని కళ్ళల్లో నీళ్ళున్నాయి. అదే నాకు మరీ భయమేసింది. చెడ్డవాళ్ళయితే ఎదిరించడం తేలిక.

అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "మంగళవారం వెళ్తున్నాం," అంది.

"నేనూ వస్తాను."

"ఎందుకు? మమ్మల్ని పట్టించడానికా?"

"దాని పక్కన ఉండడానికి."

"నా ఇంట్లోనే పోలీసుని పెంచుకున్నాను. ఇన్నేళ్ళూ పొయ్యి దగ్గర మాడి చదివించింది ఇందుకా?"

"అమ్మా, నేను ఎవరికీ ఫోన్ చెయ్యను. ఒట్టు. ఒక్కటే అడుగుతాను. డాక్టరు యమీలేతో మాట్లాడాలి. అది ఏం చెబుతుందో మనమంతా వినాలి."

"అదేం చెబుతుంది?"

"అదే, నాకూ తెలీదు. నీకు తెలుసా?"

 మంగళవారం జీపు ఎక్కేముందు అమ్మ చెయ్యి చాచింది. "ఫోన్ ఇటివ్వు." ఇచ్చాను. రొమ్ముల మధ్య దోపుకుని పైన శాలువా కప్పుకుంది. దారి పొడుగునా నేను చెయ్యి కదిపినా దగ్గినా నా వంకే చూసింది. యమీలే మా ఇద్దరి మధ్య కూర్చుని, పొద్దుటినుంచి ఏమీ తిననివ్వలేదని మూతి ముడుచుకుంది. ఎదురుగా ఎవరో ఆడమనిషి రొట్టె తింటుంటే, "మీ రొట్టె మాడింది," అని గట్టిగా చెప్పింది.

పెరేరాలో పిన్ని మమ్మల్ని పక్క ద్వారం నుంచి లోపలికి తీసుకెళ్ళింది. అది కూడా నాకు నచ్చలేదు. చిన్న గది, కిటికీకి నీలం తెర. యమీలే కుందేళ్ళ నైటీ వేసుకుని మంచం మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంది. డాక్టరు వచ్చాడు. నడివయసు మనిషి, కళ్ళ కింద నిద్రలేమి. రాక్షసుడిలా ఉంటాడని అనుకున్నాను. జీపు కండక్టరులా ఉన్నాడు.

"తల్లి ఎవరు?"

"నేనేనండీ," అంది అమ్మ.

"ఇక్కడ సంతకం పెట్టండి." అట్టకు గుచ్చిన కాగితం, పెన్నూ అందించాడు.

"డాక్టరుగారూ, సిస్టు ఏ పక్కన ఉంది?" అన్నాను.

"మీరెవరు?"

"అక్కని. సిస్టు స్కానులో చూశారా మీరు?"

ఆయన కాగితం వంక చూశాడు. తర్వాత పిన్ని వంక చూశాడు. పిన్ని తెర సరిచేస్తోంది. ఆ గదిలో ఎవరికి ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గడియారం చూసుకుంటూ, "కుటుంబం వాళ్ళు ముందే మాట్లాడుకుని రావాలి," అన్నాడు.

"మాట్లాడుకోవాల్సిన మనిషి ఇదుగో," అన్నాను. "మీరు ఏం చెయ్యబోతున్నారో దానికి చెప్పండి."

"అర్థమవుతుందా?"

"చెప్పి చూడండి," అంది యమీలే.

ఆయన ఉలిక్కిపడి మొదటిసారి దాని వంక తిరిగాడు. ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు. ఆ మాట ఆయనకు రాదని తెలిసిపోయింది. నేనే మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ మాటలు వారం రోజులుగా లోపల అనుకుంటూనే ఉన్నాను.

"యమీలే, నీ కడుపులో విత్తనం లేదు. జబ్బు లేదు. వీళ్ళు నీకు మత్తిచ్చి ఒక ఆపరేషన్ చేస్తారు. అది చేస్తే నీకు ఎప్పటికీ పిల్లలు పుట్టరు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

అది ఆలోచించింది. మేమంతా దాని వంకే చూస్తున్నాం. నీలం తెర వెనక వీధిలో ఎవరో అవకాడోలు అమ్ముకుంటూ అరుస్తున్నాడు.

"పిల్లలు రాత్రంతా ఏడుస్తారు," అంది చివరికి. "పిన్ని కొడుకు ఏడ్చేవాడు. నాకు నచ్చదు."

పిన్ని ఊపిరి వదిలింది. "చూశారా..."

"నేను ఇంకా చెప్పలేదు," అంది యమీలే. పిన్ని వైపు కాదు, అమ్మ వైపు చూస్తోంది. "అమ్మా, నాకు జుట్టు కత్తిరించేటప్పుడు అడుగుతావు కదా. ఇంతా, ఇంతా అని. అద్దం ముందు నిలబెట్టి. మరి దీనికెందుకు అడగలేదు?"

అమ్మ చేతిలో పెన్ను ఉంది. కాగితం మీద తన పేరులో మొదటి అక్షరం గుండ్రంగా చుట్టి ఉంది. దాన్ని చూసుకుంది. పెన్నును బల్ల మీద, దొర్లి పడకుండా, అట్టకు ఆనించి పెట్టింది.

"బట్టలు మార్చుకో," అంది. "ఇప్పుడు బయల్దేరకపోతే చీకటిపడ్డాక జీపు దొరకదు."

అప్పుడు మధ్యాహ్నం కూడా కాలేదు.

బస్టాండులో యమీలే సూపు తాగి, అన్నం తిని, నా పళ్ళెంలోది కూడా సగం తిని, బస్సెక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.  ఊళ్ళు రెండు దాటాక అమ్మ ముందు సీటు వెనకభాగంతో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"పోయిన కోతలప్పుడు. నేను పెరట్లో కట్టెలు తెస్తున్నా. వచ్చేసరికి వంటింట్లో ఒకడు దాని మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో చాక్లెట్టు. అది చాక్లెట్టు వంక చూస్తోంది, చెయ్యి లాక్కోవడంలేదు. నేను కత్తి తీశా. వాడు నవ్వి వెళ్ళిపోయాడు. పరిగెత్తను కూడా లేదు, నడిచి వెళ్ళాడు. కూలీల మేస్త్రీకి చెబితే, 'ఏమీ జరగలేదుగా ఒఫేలియమ్మా' అన్నాడు. అప్పట్నుంచి వాన పడ్డా, కుక్క అరిచినా..." ఆగింది. "నేను పోయాక దాన్ని ఎవరు చూస్తారు?"

కొత్త గడియకు అర్థం తెలిసింది. ఇన్ని రోజులూ నేను అమ్మను అనుమానిస్తుంటే, అమ్మ ఆ కొండ మీదున్న ప్రతి మగవాణ్ణీ అనుమానిస్తూ పళ్ళాలు అందిస్తోంది.

"అమ్మా, ఆపరేషన్ చేయిస్తే వాడి చెయ్యి ఆగేదా?"

అమ్మ శాలువా కొస వేలికి చుట్టుకుంది.

"ఆగదు. కడుపు రాదు కాబట్టి జరిగింది మనకు తెలియకుండా పోతుంది, అంతే. అలాంటివాడికి కావాల్సింది అదే కదా."

"ఇది మీ పంతులమ్మ చెప్పిందా?"

"క్లాసులో ఒక రోజు చెప్పింది."

"ఆమెకు కూతుళ్ళున్నారా?"

"తెలీదు."

"కనుక్కో." నిద్రపోతున్న యమీలే తల సరిచేసి మళ్ళీ అంది. "నువ్వు సోమవారం బస్సెక్కి పోతావు. మళ్ళీ కోతలకు వాళ్ళంతా వస్తారు. నీ చట్టం ఏ జీపులో వస్తుంది?"

 ఇంటికొచ్చాక అమ్మ శాలువా లోపల్నుంచి ఫోన్ తీసి ఇచ్చింది. నేను దాన్ని తీసుకుంటుంటే వెంటనే వదల్లేదు.

అమ్మ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆ కోతలు పూర్తిగా పట్టాయి. ప్రొఫెసర్ ఎస్త్రాదాకు ఊరి పేరు చెప్పాను. ఆమె ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నాతో కొండెక్కి వచ్చి తోట యజమానితో మాట్లాడింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. కూలీల భోజనాలు గోదాం పక్క షెడ్డుకు మారాయి. వడ్డనకు ఇంకో మనిషిని పెట్టారు. మేస్త్రీ మా వంటింటి గుమ్మం ముందు నిలబడి టోపీ చేతిలో నలుపుతూ, "ఏమైనా ఉంటే చెప్పండమ్మా," అన్నాడు. "చెప్పాను, ఏడాది క్రితం," అంది అమ్మ, తలుపు వేసేస్తూ.

ప్రొఫెసర్‌తో మాత్రం అమ్మ ఒక్కటే మాట మాట్లాడింది. "మీకు కూతుళ్ళున్నారా?" అని అడిగింది. ఆమె, "లేరండీ. తమ్ముడున్నాడు, మీ యమీలేలాంటివాడు," అంది. అమ్మ నమ్మినట్టు కనబడలేదు. కానీ బెల్లం నీళ్ళు వేడి చేసి ఇచ్చింది.

యమీలేను ఊళ్ళో ఒక కేంద్రానికి పంపించాం. అక్కడ తనలాంటి పిల్లలకు ఒంటి గురించి, ఎవరు ఎక్కడ ముట్టుకోవచ్చో, ఎక్కడ కూడదో, కూడనప్పుడు ఎలా అరవాలో నేర్పేవాళ్ళు. అమ్మకు ఆ కేంద్రం మీదా అనుమానమే. మొదటి వారాలన్నీ కిటికీ బయట బెంచీ మీద కూర్చుని, గాజులోంచి చూస్తూ స్వెట్టరు అల్లింది. స్వెట్టరు పూర్తయ్యాక ఇంకోటి మొదలుపెట్టింది. యమీలే నేర్చుకున్న అరుపు ఇంటికి తెచ్చి మా మీద సాధన చేసింది. ఒక పొద్దున నేను అలవాటుకొద్దీ దాని జడ పట్టుకుంటే కొండ దద్దరిల్లేలా అరిచి, "అడగలేదు!" అంది. పక్క తోటలో కుక్కలన్నీ లేచాయి.

పిన్ని ఆ క్రిస్మస్‌కు రాలేదు. ఉద్యోగం పోలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అయినా నేను ఫోన్ చేస్తే, "లైను మీద ఇంకెవరైనా వింటున్నారా?" అని అడిగి పెట్టేసేది. చాలాకాలం పట్టింది మళ్ళీ పలకరింపుకు. అమ్మ నాతో మాట్లాడేది కానీ, నేను పుస్తకం తెరిస్తే ఏ పేజీలో తన పేరు ఉందో అన్నట్టు దూరం నుంచి చూసేది.

యమీలేకు పద్దెనిమిది నిండిన తర్వాత, మళ్ళీ కాఫీ పూతల కాలంలో, ఒక ఉదయం అది చక్కగా తల దువ్వుకుని, "నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి," అంది.

అమ్మ చేతిలో చెంచా కింద పడింది. "ఏమైంది? ఎవడైనా ఏమైనా..."

"ఏం కాలేదు. నాకు అడగాల్సినవి ఉన్నాయి."

"ఏం అడగాలి? నన్నడుగు."

"నీకు తెలీదు. నీకు తెలిస్తే విత్తనం అంటావు."

ముగ్గురం ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. డాక్టరు పడుచు పిల్ల, తీరప్రాంతం మాట. పేరు పిలవగానే మేము ముగ్గురం లేచాం. యమీలే గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, అరచెయ్యి నా గుండె మీద పెట్టి మెల్లగా నెట్టింది.

"నువ్వు బయటుండు, అక్కా."

"నేను నీకు సాయంగా..."

"బయట."

తలుపు మూసుకుంది. నేనూ అమ్మా ఒకరి వంక ఒకరం చూసుకోకుండా బెంచీ మీద కూర్చున్నాం. లోపల్నుంచి దాని గొంతు వినపడుతోంది కానీ మాటలు అందడంలేదు. ఏదో అడుగుతోంది, డాక్టరమ్మ చెబుతోంది, మళ్ళీ అడుగుతోంది. పిల్లలు పుట్టకుండా వేసే సూది మందు గురించి అడుగుతోందా? ఎవరి గురించైనా చెబుతోందా? కేంద్రంలో తెల్ల చొక్కా కుర్రాడొకడు దానికి దారిలో గొడుగు పట్టాడని విన్నాను, వాడి గురించా? ఏడాది పాటు అందరికీ చెప్పుకొచ్చిన మాట, ఆమెను అడగండి, ఆమె చెప్పనివ్వండి అన్న మాట, ఆ బెంచీ మీద నాకే నచ్చలేదు. లేచి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాలనిపించింది.

లోపల ఇద్దరూ పకపకా నవ్వారు.

అమ్మ నా మోచెయ్యి పొడిచింది. "ఏమంటోంది?"

"వినపడట్లేదమ్మా."

"తలుపు దగ్గరికెళ్ళి ఒక్కసారి..."

"కూడదు."

"చట్టమా?"

"ఆఁ. చట్టమే."

"మంచి చట్టాలే రాశారు," అంది అమ్మ. "తల్లుల్ని బయట కూర్చోబెట్టేవి." లేవబోయినట్టు ముందుకు వంగింది. నేను ఆపడానికి చెయ్యి చాచాను. కానీ అమ్మ లేవలేదు. బెంచీ మీద సర్దుకుని, నాకూ కాస్త చోటిచ్చి, ఆ మూసిన తలుపు వంక చూస్తూ కూర్చుంది. నేనూ చూస్తూ కూర్చున్నాను. లోపల యమీలే ఇంకా మాట్లాడుతూనే ఉంది.